వేళ్లు తెల్లబడేదాకా చూడకండి

కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి,

చీమకుర్తి, కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీల్లో జాక్‌హామర్ (గాలి ఒత్తిడితో రాయి తొలిచే డ్రిల్లు) పట్టే చేతుల గురించి ఈ లేఖ. ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన (నోటిఫైడ్) జబ్బుల జాబితా, అంటే 2020 వృత్తి భద్రత కోడ్ మూడో షెడ్యూల్‌లో, రాతి దుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్ ఉంది, మోత వల్ల వచ్చే చెవుడూ ఉంది. అదే యంత్రం అదురుతో (వైబ్రేషన్‌తో) చేతులకు తెచ్చే జబ్బు లేదు. అమెరికాలోని ఇండియానాలో రాళ్లు చెక్కేవాళ్ల చేతుల్లో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ దీన్ని 1918లోనే పరిశీలించారు.

చలిదేశాల్లో దీనికి తెల్లవేళ్ల జబ్బని పేరు. మన ఎండల్లో వేళ్లు తెల్లబడటం అరుదు. ముందు కనిపించేవి తిమ్మిర్లే. రాత్రి చేతులు మొద్దుబారి మెలకువ వస్తుంది. చొక్కా గుండీ పట్టు చిక్కదు. కింద పడ్డ రూపాయి బిళ్ల వేళ్లకు అందదు. డాక్టరు వేళ్ల రంగు ఒక్కటే చూసి పంపేస్తే జబ్బు కాగితం మీదికే రాదు. నరాలు బాగా దెబ్బతిన్నాక పని మాన్పించినా స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఐరోపా చట్టంలో 8 గంటల సగటు అదురు 5 మీ/సె² (అదురు తీవ్రతకు కొలత) దాటకూడదు, 2.5 దాటగానే యజమాని తగ్గించే పని మొదలుపెట్టాలి. 15 మీ/సె² అదిరే జాక్‌హామర్ 53 నిమిషాల్లో ఆ పై హద్దు చేరుతుంది, 20 అదిరేది అరగంటలోనే. ఇది షిఫ్టు లెక్క కాదు, ట్రిగ్గర్ నొక్కి ఉన్న సమయం. అదురు రెండింతలైతే సమయం నాలుగో వంతే మిగులుతుంది.

గ్లవ్స్ ఇచ్చామంటే సరిపోదు. జాక్‌హామర్ అదురు తక్కువ పౌనఃపున్యానిది, దాన్ని గ్లవ్స్ పెద్దగా ఆపలేవు. పైగా మందపాటి గ్లవ్స్‌తో పిడిని ఇంకా బిగించి పట్టాలి. పట్టు బిగిసేకొద్దీ అదురు చేతిలోకి ఎక్కువ ఎక్కుతుంది. బిట్ (రాయి తొలిచే మొన) మొద్దుబారితే ఇంకా నష్టం: రంధ్రానికి ఎక్కువసేపు పడుతుంది, మనిషి ఒంటి బరువంతా వేసి నొక్కుతాడు. బిట్‌కు వేళకు పదును పెట్టించడం, అదురు తగ్గించే స్ప్రింగు పిడులు వాడటం, కుదిరిన చోట డ్రిల్లును స్టాండ్‌కు బిగించడం నిజంగా పనికొచ్చేవి. యంత్రం నుంచి బయటికొచ్చే చల్లటి గాలి చేతులకు తగలకుండా పక్కకు తిప్పాలి.

ఈ జబ్బును నోటిఫై చేయండి. అమ్మే, అద్దెకిచ్చే ప్రతి యంత్రం మీదా అదురు విలువ చెక్కించండి. ఏటా జరిగే వైద్య పరీక్షలో తిమ్మిరి, పట్టు, వేళ్ల చురుకు తప్పనిసరిగా చూడమనండి. ఒక యంత్రం మీద మనుషుల్ని మార్చి మార్చి పెట్టే నిబంధన తెచ్చేటప్పుడు, తొలిచిన అడుగుల లెక్కన కూలి కట్టే చోట ఆ కూలి తగ్గకూడదని కూడా రాయించండి. లేకపోతే కార్మికుడే ఆ నిబంధనను పక్కనపెట్టి డ్రిల్లు పట్టుకుంటాడు.

ఇట్లు,
క్వారీ భద్రత, వృత్తి ఆరోగ్యం పనిలో ఉన్నవాళ్లం