మూడేళ్ల కష్టానికి ఒక్క మార్చి నెల లెక్కా?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను కావలిలో ఉంటాను, ప్రభుత్వ బడిలో టీచర్ని. మా తమ్ముడు అల్లూరు వైపు రొయ్యల గుంటలు లీజుకి తీసుకుని వనామి రకం రొయ్య వేస్తాడు. ఒకే అమ్మ చేతి ముద్ద తిని పెరిగిన మా ఇద్దరినీ ఆదాయపు పన్ను చట్టం రెండు రకాలుగా చూస్తోంది. ఎవరి సంపాదన ఎంతన్న దాన్ని బట్టి చూస్తే నాకు బాధ లేదు. ఆ డబ్బు ఏ ఏడాది చేతికొచ్చిందన్న దాన్ని బట్టి చూస్తోంది, నా బాధంతా దాని గురించే.

ముందు నా సంగతి చెబుతాను. మాకు డీఏ (కరువు భత్యం) బకాయిలు ఏ నెలవి ఆ నెల రావు, రెండేళ్లవో మూడేళ్లవో కలిపి ఎప్పుడో ఒకసారి పడతాయి. అలా పడిన ఒక ఏడాది ఫిబ్రవరి జీతంలో పన్ను కోత చూసి నాకు కళ్లు తిరిగాయి. స్టాఫ్ రూమ్‌లో ఒక సీనియర్ మేడం "ఫామ్ 10ఈ వేశావా అమ్మా?" అని అడిగేదాకా అలాంటిది ఒకటుందని నాకు తెలియదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 89 అని ఉంది, దాన్ని వాడుకోవడానికి వేసేదే ఆ ఫామ్. బకాయి జీతం ఏ ఏడాదిదో ఆ ఏడాదికి సర్ది లెక్క వేసి, అప్పుడే ఇచ్చి ఉంటే ఎంత పన్ను పడేదో దానికంటే ఎక్కువ పడిన భాగాన్ని తగ్గిస్తారు. ఆలస్యంగా ఇచ్చింది ప్రభుత్వం, అందుకు ఎక్కువ పన్ను నేనెందుకు కట్టాలి? చాలా న్యాయమైన సెక్షన్ అది.

ఇక మా వాడి సంగతి. ఒక ఏడాది తెల్లమచ్చ వైరస్ తగిలి నలభై రోజులకే పట్టుబడి చేసి వచ్చిన కాడికి అమ్ముకున్నాడు. మరుసటి ఏడాది రొయ్య బాగానే పెరిగింది గానీ కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటు పడిపోయింది, మేత కొట్టు బాకీ కూడా తీరలేదు. మూడో ఏడాది దేవుడు చూశాడు. పాత అప్పులు తీర్చి నాలుగు రూపాయలు మిగిలాయనుకునేలోపు ఆడిటర్ పన్ను లెక్క చేతిలో పెట్టాడు. ఆ రోజు మా ఇంటికొచ్చి "నష్టమొచ్చినప్పుడు ఎవురూ రాలా అక్కా, ఇప్పుడు మాత్రం అందరికీ నేనే కనబడతన్నా" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

నష్టాన్ని తర్వాతి ఏళ్ల లాభంలో తీసేసుకోవచ్చు కదా అని తెలిసినవాళ్లు అంటారు. నిజమే, వ్యాపార నష్టాన్ని 8 ఏళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు. కాకపోతే నష్టం వచ్చిన ఏడాది కూడా గడువులోపు రిటర్న్ వేసి ఉండాలి. అప్పులవాళ్లకు ముఖం చాటేసుకుని తిరిగే మనిషికి ఆ టెన్షన్‌లో రిటర్న్ గుర్తుంటుందా? పైగా గుంటల మీద ఎవరిని అడిగినా ఆదాయమే లేనివాడికి రిటర్న్ ఏందనే అంటారు. టర్నోవర్‌లో 8 శాతమో, బ్యాంకు ద్వారా వచ్చిన దానికి 6 శాతమో లాభంగా చూపించే సులువు పద్ధతి ఒకటుంది గానీ దాంట్లో నష్టం చూపడం కుదరదు.

సరే, నష్టాల గొడవ పక్కన పెట్టి మామూలు లెక్కే చూద్దాం. కొత్త విధానంలో 2025 బడ్జెట్ నుంచి 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను పడదు, జీతగాళ్లకైతే స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12.75 లక్షల దాకా. ఏటా 12 లక్షలు వచ్చే మనిషి మూడేళ్లలో 36 లక్షలు సంపాదిస్తాడు, ఒక్క రూపాయి కట్టడు. ఇంకో మనిషికి రెండేళ్లు సున్నా, మూడో ఏడాది 36 లక్షలు వచ్చాయనుకోండి. 4 లక్షలకోసారి పెరిగే శ్లాబులు, 24 లక్షలు దాటాక 30 శాతం, పైన 4 శాతం సెస్సు అన్నీ కలిపితే 6,86,400 రూపాయలు కట్టాలి. ఇద్దరూ మూడేళ్లలో సంపాదించింది అదే 36 లక్షలు! మొదటి రెండేళ్లూ ఇంటి ఖర్చుకు అప్పు చేసింది కూడా రెండో మనిషే. నష్టాన్ని ముందుకు తీసుకెళ్లనిచ్చే చట్టం, ఆదాయం లేని ఏడాది వాడుకోని ఆ 12 లక్షల మినహాయింపును మాత్రం మార్చి 31 రాత్రికి చెరిపేస్తోంది.

నాకు సెక్షన్ 89 ఇచ్చిన చట్టం మా తమ్ముడికి అలాంటిది ఎందుకివ్వదు? 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ప్రీవియస్ ఇయర్ (సంపాదించిన ఏడాది), అసెస్‌మెంట్ ఇయర్ (దాని పన్ను లెక్క తేల్చే ఏడాది) అనే గందరగోళం తీసేసి 'పన్ను సంవత్సరం' అని ఒకే మాట పెట్టారు. మంచిదే, చదివేవాళ్లకు అర్థమవుతుంది, కానీ ఆ సంవత్సరం పక్క సంవత్సరాన్ని చూడదు, అది పాత సంగతే.

ఇది నా ఒక్కదాని బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1939లోనే ఆదాయాన్ని కొన్నేళ్ల మీద సగటు కట్టి పన్ను వేయాలని రాశాడు, ఆయనకు 1996లో నోబెల్ కూడా వచ్చింది. ఆస్ట్రేలియాలో రైతులకు ఐదేళ్ల దాకా సగటు లెక్క ఉంది. అమెరికాలో రైతులు, చేపలు పట్టేవాళ్లు ఈ ఏటి లాభాన్ని వెనకటి మూడేళ్లకు సర్ది పన్ను లెక్క వేసుకోవచ్చు. వాన మీదా వైరస్ మీదా ఎగుమతి రేటు మీదా బతికేవాళ్ల ఆదాయాన్ని ఒక్క ఏడాదితో కొలవకూడదని వాళ్లకు అర్థమైంది. మన దగ్గర కోస్తా పొడవునా గుంటలున్నాయి, 2025లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే ఇక్కడ చెరువు గట్టు మీద నిద్రపట్టలేదు. ఆ సగటు లెక్క మనకు మాత్రం లేదు.

ఇక్కడ కొందరికి కోపం వచ్చే మాట ఒకటి చెబుతాను. రొయ్యల సాగును కూడా వ్యవసాయంగా ప్రకటించి పన్నే లేకుండా చెయ్యాలని మా వైపు చాలామంది అడుగుతారు, మా తమ్ముడూ అదే అంటాడు. నేను ఒప్పుకోను. బాగా సంపాదించినవాడు కట్టాలి. ఫోన్ రీఛార్జి చేయించుకున్న ప్రతిసారీ 18 శాతం జీఎస్టీ కట్టే పొగాకు కూలీ ఆడమనిషి ఒంగోలు చుట్టుపక్కల వేలల్లో ఉంటే, లక్షలు మిగిలినవాళ్లు మాకొద్దంటే ఎట్టా? మాకు కావాల్సింది మాఫీ కాదు, లెక్క సరిగ్గా వెయ్యడం.

అసలు వ్యవసాయానికి పన్ను ఎందుకు లేదు? రాజ్యాంగంలో అది రాష్ట్రాల జాబితాలో ఉంది, కేంద్రం వేయలేదు, ఎక్కువ రాష్ట్రాలు ధైర్యం చేయవు. 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ పెద్ద కమతాల మీద పన్ను వెయ్యమని చెప్పింది, ఆ సిఫార్సు అక్కడే ఆగింది. వద్దనేవాళ్లు చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే, పంట పండితే పండింది లేకపోతే లేదు, అలాంటిదానికి పన్నేమిటి అని. నిజమైన మాటే. పొదలకూరు నిమ్మకాయ రైతునడిగినా, టంగుటూరు వేలం కేంద్రంలో బేళ్లు పెట్టుకుని కూర్చున్న పొగాకు రైతునడిగినా అదే చెబుతారు. సగటు లెక్క వస్తే ఆ అభ్యంతరానికి జవాబు దొరుకుతుంది కదా! ఐదేళ్ల సగటు 12 లక్షలు దాటని రైతు జోలికి ఎవరూ రారు, మా జిల్లాల్లో నూటికి తొంభై తొమ్మిది మంది అందులోనే ఉంటారని నా నమ్మకం. దాటినవాళ్లు, అంతకంటే ముఖ్యంగా వేరే వ్యాపారం డబ్బును పొలం మీద వచ్చిందని చూపించేవాళ్లు, అప్పుడు తప్పించుకోలేరు. నెలనెలా జీతంలోంచి ముందే కోయించుకునే మాలాంటివాళ్లకు కడుపుమంట కూడా కొంత తగ్గుతుంది.

దీన్ని అడ్డం పెట్టుకుని ఎగ్గొడతారంటారా? పాన్ నంబరు కొడితే వెనకటి రిటర్న్‌లు, బ్యాంకు వడ్డీ, టీడీఎస్ (ముందే కోసిన పన్ను) అన్నీ ఆదాయపు పన్ను పోర్టల్‌లో కనిపించే రోజులివి, సగటు కట్టడం కంప్యూటర్‌కు ఎంత పని? సున్నా ఏడాది కూడా రిటర్న్ వేస్తేనే ఆ ఏడాది మినహాయింపు ముందుకొస్తుందని రూలు పెడితే, ఇప్పుడు వేయనివాళ్లంతా వాళ్లంతట వాళ్లే వేస్తారు. ముందు అందరికీ వద్దు. చేపలు, రొయ్యలు సాగు చేసేవాళ్లకు మూడేళ్ల సగటుతో మొదలుపెట్టి చూడమనండి.

చట్టం మారేదాకా మీరు చేయగల సాయం ఒకటుంది ఎడిటర్ గారూ. నష్టం వచ్చిన ఏడాది కూడా గడువులోపు రిటర్న్ వెయ్యాలని, ఒక మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే మామూలుగా ఆ ఖర్చును లెక్కలోకి తీసుకోరని, లీజు డబ్బు కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వాలని మీ ఆక్వా పేజీలో పెద్ద అక్షరాలతో వేయండి. మా తమ్ముడికి ఈ మూడూ మూడో ఏడాదికి గానీ తెలియలేదు.

ఇట్లు,
ఒక టీచర్,
కావలి, నెల్లూరు జిల్లా