పల్చటి ఆయిల్ అంటే సరిపోదండీ, ఏ నంబరో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్లో చలికాలంలో బండ్ల జాగ్రత్తల గురించి వేశారు. టైర్లలో గాలి, బ్యాటరీ, అద్దం మీద మంచు, అన్నీ వివరంగా రాశారు కానీ డీజిల్ లారీల దగ్గరకొచ్చేసరికి చివర్లో ఒకే ఒక్క లైను, చలి ఎక్కువున్న చోట పల్చటి ఇంజన్ ఆయిల్ వాడాలని రాసి వదిలేశారు. తప్పు రాశారని నేననట్లేదు, సగమే రాశారు. అది చదివి నాతో పాటు బండి తోలే కుర్రాడొకడు వెళ్ళి పల్చటిది ఇవ్వండి అని అడిగి 10డబ్ల్యూ-30 ఎఫ్ఏ-4 అనే రకం ఆయిల్ తెచ్చుకున్నాడు, ఆ పేరేంటో కింద చెప్తాను. వాడిది పాత బండి, ఆ ఇంజన్లో ఆ ఆయిల్ పొయ్యనే కూడదు. మూత తియ్యకముందే నేను డబ్బా చూశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే పోసేసి తోలేసేవాడే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా.

డబ్బా మీద 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40 అని రెండు నంబర్లు ఉంటాయి కదా. డబ్ల్యూ అంటే వెయిట్ అని చాలామంది అనుకుంటారు, కాదు, వింటర్. దాని ముందున్న నంబరు చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్తుంది, వెనకున్నది ఇంజన్ వేడెక్కాక 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. వెనక 40 అని ఉందంటే అది 15డబ్ల్యూ అయినా 5డబ్ల్యూ అయినా 0డబ్ల్యూ అయినా 100 డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే లెక్క) లోపే ఉండాలి, ఈ నంబర్లు పెట్టే ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ పెట్టిన లెక్క అది. 5డబ్ల్యూ పోస్తే లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిల్ నీళ్ళయిపోయి మెటల్స్ (బేరింగులు) పోతాయని భయపడే డ్రైవర్లని ఎంతమందినో చూశా. ఆ భయం వెనక నంబరు తగ్గించేటప్పుడు ఉండాలి, ముందు నంబరు తగ్గించేటప్పుడు కాదు. మీరు రాసిన పల్చటి అనే మాటలో ఈ రెండూ కలిసిపోయాయి, నా బాధంతా అదే.

ఇక ఎంత చలికి ఏ నంబరు అనేది. 15డబ్ల్యూ ఆయిల్ ని మైనస్ 20 దగ్గర ఇంజన్ తిరుగుతుందా అని, మైనస్ 25 దగ్గర పంపు లాగగలదా అని పరీక్ష చేస్తారు. 10డబ్ల్యూకి అది మైనస్ 25, మైనస్ 30. 5డబ్ల్యూకి మైనస్ 30, 35, 0డబ్ల్యూకి మైనస్ 35, 40, అంటే ఒక్కో మెట్టుకి ఐదేసి డిగ్రీలు. అయితే ఇవి కొత్త ఆయిల్ కి ఆఖరి హద్దులు, అక్కడిదాకా హాయిగా వాడుకోవచ్చని కాదు. చాలా ఇంజన్ల మాన్యువల్స్ లో 15డబ్ల్యూ-40 ని మైనస్ 10, మైనస్ 15 దగ్గరే ఆపేసి ఆ కింద 10డబ్ల్యూ, 5డబ్ల్యూ వాడమని చార్టు ఇస్తారు. చూడాల్సింది పగటి చలి కాదండీ, బండి ఆపి ఉంచే రాత్రి, తెల్లవారుజామున ఎంతకి పడిపోతుందో అది చూడాలి. బయల్దేరిన చోటు చలి కూడా కాదు, వెళ్ళే దారిలో అన్నిటికంటే చల్లగా ఉండే చోటు ఏదో దాన్ని బట్టి ఆయిల్ పోసుకోవాలి.

డీజిల్ ఇంజన్ కే ఈ తిప్పలు ఎందుకు ఎక్కువంటే దీనికి స్పార్క్ ప్లగ్ ఉండదు, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఆయిల్ గట్టిపడి ఇంజన్ నిదానంగా తిరిగితే ఆ వేడి కాస్తా చల్లటి లైనర్లు (పిస్టన్ తిరిగే గొట్టాలు), పిస్టన్లు లాగేసుకుంటాయి. చలికి బ్యాటరీ కూడా డౌన్ అయి ఉంటుంది, అదే టైములో సెల్ఫ్ కి (ఇంజన్ ని తిప్పే స్టార్టర్ మోటారుకి) మామూలుకంటే ఎక్కువ బలం కావాలి, మనవాళ్ళు బ్యాటరీ పోయిందని కొత్తది వేస్తారు, రెండు రోజులకి మళ్ళీ అదే కథ. అసలు దోషం ఛాంబర్లో, అంటే ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టిలో ఉంటే బ్యాటరీ మారిస్తే ఏం లాభం?

స్టార్ట్ అయితే గండం గడిచింది అనుకోవడం ఇంకో పొరపాటు, నేనూ అదే చేశాను. ఒకసారి మైనస్ 20 దాటిన రాత్రి బండి బయటే పెట్టాను, లోపల ఉన్నది 15డబ్ల్యూ-40. పొద్దున సెల్ఫ్ మూలుక్కుంటూ మూలుక్కుంటూ నాలుగోసారికి అందుకుంది, ఆయిల్ లైటు మాత్రం వెంటనే ఆరలేదు, సరేలే చలి కదా అని యాక్సిలరేటర్ తొక్కాను. కొన్ని నెలలకి టర్బో (ఇంజన్ లోకి గాలిని గట్టిగా తోసే ఫ్యాన్) పోయింది. విప్పి చూసిన మేస్త్రీ షాఫ్ట్ బుష్ లు ఆయిల్ అందక కాలిపోయాయని చూపించాడు, ఆ ఒక్క రోజే కారణమని గట్టిగా చెప్పలేను కానీ ఆ పొద్దున నేను చేసింది తప్పని మాత్రం తెలుసు. టర్బో చివర్లో ఆయిల్ అందే చోటు, అన్నిటికంటే వేగంగా తిరిగేది అదే.

ఆయిల్ పంపు ఎందుకు లాగలేదో అర్థం కావాలంటే చలికి గట్టిపడిన గ్రీజు డబ్బాలో వేలు పెట్టి తీసి చూడండి, ఆ గుంట అలాగే ఉండిపోతుంది, చుట్టూ ఉన్న గ్రీజు వచ్చి పూడ్చదు. ఛాంబర్లో కూడా అంతే, పంపు నోటి దగ్గరున్న కాస్త ఆయిల్ లాగేశాక గుంట పడి ఆ తర్వాత గాలి లాగుతుంది. 1980-81 చలికాలంలో అమెరికాలో సౌత్ డకోటాలోని సూ ఫాల్స్ దగ్గర ఇలాగే చాలా ఇంజన్లు పోయాయి, అప్పటి పరీక్షల్లో పాసైన ఆయిల్సే అవి. మెల్లగా చల్లబడినప్పుడు ఆయిల్లోని మైనం గట్టిపడి ఇలా గుంట పడుతుందని అప్పుడు తేలింది, దాని తర్వాతే ఆయిల్ ని చాలా గంటల పాటు నిదానంగా చల్లబరిచి చూసే పరీక్ష వచ్చింది. అందుకే డబ్బా వెనకాల పోర్ పాయింట్ (ఆయిల్ కారడం ఆగిపోయే చలి) మైనస్ ఇంత అని రాసింది చూసి మోసపోవద్దు, గిన్నె వంచితే కారడం వేరు, పంపు లాగగలగడం వేరు. పూర్తి సింథటిక్ ఆయిల్స్ చలికి మెరుగ్గా ఉండేది కూడా చాలావరకు ఈ మైనం గొడవ లేకపోవడం వల్లే.

ఇంజన్ కి హీటర్ ఉందిగా అంటారు కొందరు. మామూలు బ్లాక్ హీటర్ వేడి చేసేది కూలెంట్ ని, అంటే రేడియేటర్ నీళ్ళని. ఇంజన్ తేలిగ్గా అందుకుంటుంది కానీ కింద ఛాంబర్లో ఆయిల్ ఇంకా చల్లగానే ఉండొచ్చు, దానికి ఛాంబర్ హీటర్ వేరే ఉంటుంది. ఇంకా చిక్కటి ఆయిల్ ఫిల్టర్లోంచి దూరలేకపోతే బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిలే లోపలికి పోతుంది, మీటర్లో ప్రెజర్ మాత్రం బాగా చూపిస్తుంది, అది చూసి సంతోషపడకూడదు. పల్చబడుతుందని ఆయిల్లో కిరోసినో డీజిలో కలిపేవాళ్ళు ఇంకా ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు, బేరింగుల మధ్య ఉండాల్సిన పొర పోతుంది.

ఇప్పుడు ఆ కుర్రాడి డబ్బా సంగతి. 2016 డిసెంబర్ లో ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్స్టిట్యూట్) వాళ్ళు డీజిల్ ఇంజన్ ఆయిల్ కి రెండు క్లాసులు, అంటే నాణ్యత రకాలు తెచ్చారు, సీకే-4, ఎఫ్ఏ-4 అని. సీకే-4 ని అంతకుముందున్న సీజే-4, సీఐ-4 క్లాసులు అడిగిన పాత ఇంజన్లలో కూడా వాడొచ్చు. ఎఫ్ఏ-4 అలా కాదు, డీజిల్ ఆదా కోసం వేడిలో కూడా పల్చగా ఉండేట్టు చేసింది, ఇంజన్ కంపెనీ వాడొచ్చని చెప్తే తప్ప పొయ్యకూడదు. చిత్రమేంటంటే 10డబ్ల్యూ-30 అనేది రెండు క్లాసుల్లోనూ దొరుకుతుంది, నంబరు ఒకటే, లోపల సరుకు వేరు. అందుకే నంబరొక్కటే చూస్తే చాలదు, క్లాసు కూడా చూడాలి, పొగ గొట్టంలో మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉన్న బండైతే బూడిద తక్కువుండే ఆయిలే పొయ్యాలి, సీకే-4 లో సల్ఫేటెడ్ యాష్ (ఆయిల్ కాలాక మిగిలే బూడిద) 1 శాతం దాటకూడదు.

చలికాలంలో క్యాబిన్ వెచ్చదనం కోసం రాత్రంతా ఇంజన్ ఆన్ లో ఉంచితే కాలని డీజిల్, నీటి తడి ఆయిల్లో చేరతాయి, డిప్ స్టిక్ మీద లెవెల్ పెరిగితే మంచిదనుకోవద్దు, డీజిల్ దిగిందేమో చూసుకోవాలి. మసి పట్టిన పాత ఆయిల్ చలికి కొత్తదానికంటే ఎక్కువ గట్టిపడుతుంది కాబట్టి కిలోమీటర్లు ఇంకా ఉన్నాయి కదా అని పాత ఆయిల్ తోనే చలిలోకి వెళ్ళకుండా సీజన్ మొదట్లోనే మార్పించుకోవడం మేలని నా అభిప్రాయం. స్టార్ట్ అయ్యాక ప్రెజర్ వచ్చేదాకా యాక్సిలరేటర్ ముట్టుకోవద్దు, మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగి తర్వాత మెల్లగా కదిలిస్తే చాలు, గంట సేపు నిలబెట్టక్కర్లేదు.

అయ్యా, ఈసారి చలి వార్త వేసేటప్పుడు ఆయిల్ డబ్బా మీద ఉండే ఆ గుండ్రటి ఏపీఐ గుర్తు ఫొటో ఒకటి వెయ్యండి. పైన క్లాసు, మధ్యలో నంబరు ఉంటాయి, ఏది ఏంటో పక్కన రెండు లైన్లు రాయండి. ఇంగ్లీషు మాన్యువల్ చదవలేని డ్రైవర్లు చాలామంది ఉన్నారు, కానీ మీ పేపరు చదువుతారు, ఆ ముక్క కత్తిరించి క్యాబిన్లో పెట్టుకుంటారు.

ఇట్లు,
ఒక లారీ డ్రైవరు