పునలూ నల్ల ఇసుక తీరం: మా ప్రయాణంలో చేస్తున్న మార్పులు

మాతో ఇదివరకు హవాయి బిగ్ ఐలాండ్ చూసి వెళ్లినవారికి, వచ్చే నెలలకు సీట్లు ఖాయం చేసుకున్నవారికి నమస్కారం.

కిందటి నెల మాకు తపాలాలో ఒక చిన్న పెట్టె వచ్చింది. అందులో ఒక మాత్రల సీసా, సీసాలో మూతదాకా నల్ల ఇసుక, దాని చుట్టూ రబ్బరు బ్యాండు వేసి కట్టిన ఉత్తరం ఉన్నాయి. 3 ఏళ్ల కిందట మా వ్యానులో పునలూ తీరానికి వచ్చిన ఒక పెద్దాయన, ఆ ఇసుకను అప్పుడు తానే పట్టుకెళ్లానని, ఇన్నాళ్లూ అద్దాల బీరువాలో దాచుకున్నానని, అది తప్పని మనవరాలు చెప్పేదాకా తనకు తెలియదని, ఎలాగైనా దాన్ని తిరిగి అక్కడే పోయమని రాశారు. చివర ఒక ప్రశ్న కూడా వేశారు: "ఆ రోజు మీరు పక్కనే ఉన్నారు కదండీ, ఒక్క మాట చెప్పి ఉండకూడదా?"

చెప్పి ఉండాల్సింది. ఆయన వంగి సీసా నింపుకోవడం నేను చూశాను. బయలుదేరే వేళ దాటిపోతోందన్న తొందరలో, పెద్దాయనతో వాదన ఎందుకన్న మొహమాటంలో ఊరుకున్నాను. హవాయి తీరాల నుంచి ఇసుక తీసుకుపోవడం రాష్ట్ర చట్టం ప్రకారం నిషిద్ధం. కాళ్లకూ బట్టలకూ తెలియకుండా అంటుకొచ్చినదాన్ని చట్టం తప్పుగా లెక్కించదు గానీ, సీసా తెలియకుండా నిండదు. పైగా మా పాత కరపత్రంలో "గుప్పిటినిండా నల్ల ఇసుక, మనసునిండా జ్ఞాపకాలు" అని వేయించినది నేనే. ఆ వాక్యం చదివి వచ్చినవారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

ఒక్క సీసాతో ఏం పోతుందని చాలామంది అడుగుతారు. ఆ ఇసుక పుట్టుక తెలిస్తే ఆ ప్రశ్న రాదు. తెల్ల ఇసుక చాలాచోట్ల పగడాలు, గవ్వలు అరిగి తయారవుతుంది కాబట్టి ఎంత నెమ్మదిగానైనా కొత్తది వచ్చి చేరుతూనే ఉంటుంది. ఈ నల్ల ఇసుక అలా కాదు. దాదాపు 1,100 డిగ్రీల సెల్సియస్ వేడితో పారే లావా సముద్రపు నీటిని తాకినప్పుడు నీరు ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. ఆ దెబ్బకు లావా తునాతునకలై, చల్లబడి, నల్లని గాజు రేణువులుగా ఒడ్డుకు చేరుతుంది. అరచేతిలో కొద్దిగా పోసుకుని ఎండలో వంచి చూస్తే గాజు పొడిలాగే తళుక్కుమంటుంది. లావా సముద్రంలోకి పారడం ఆగిన రోజునే ఆ సరఫరా ఆగిపోతుంది. ఉన్నదాన్ని అలలు కొద్దికొద్దిగా లోపలికి లాక్కుపోతూ ఉంటాయి. ఇదే ద్వీపంలో ఒకప్పుడు పేరుపొందిన కైమూ నల్ల ఇసుక తీరం 1990లో కలపానా ఊరితోపాటు కొత్త లావా కింద కప్పబడిపోయింది. ఇక్కడి తీరాలకు శాశ్వతత్వం లేదు.

ఇసుకనో రాయినో పట్టుకెళ్తే పేలే అనే అగ్నిపర్వత దేవత శాపం తగులుతుందన్న మాట మీరు విని ఉంటారు. అది హవాయి ప్రజల పాత నమ్మకం కాదని, 20వ శతాబ్దంలో పుట్టిన కథ అని ఎక్కువమంది చెబుతారు. బస్సుల్లో ఇసుక ఊడ్చలేక విసిగిపోయిన టూరు డ్రైవర్లే దాన్ని పుట్టించారని కూడా ఒక మాట ఉంది. ప్రతి సాయంత్రం నా వ్యాను నేనే ఊడ్చుకుంటాను కాబట్టి ఆ మాటను తేలిగ్గా నమ్మగలను. ఇకపై మా గైడ్లు ఎవరూ శాపం పేరుతో మిమ్మల్ని భయపెట్టరు. దిగకముందే చట్టం సంగతి, ఇసుక సంగతి సూటిగా చెబుతారు.

రెండో విషయం తాబేళ్లది. హోను అని ఇక్కడివారు పిలిచే పచ్చ తాబేళ్లు పునలూలో ఒడ్డుకెక్కి, వేడెక్కిన నల్ల ఇసుకమీద గంటల తరబడి కదలకుండా పడుకుంటాయి. సముద్రపు తాబేళ్లు ఇలా ఒడ్డున ఎండ కాగడం ప్రపంచంలో అరుదుగా కనిపించే దృశ్యం. కిందటి వేసవిలో మా బృందంలోని ఒక కుటుంబం ఫొటోకోసం ఒక హోనుకు రెండడుగుల దూరందాకా వెళ్లింది. అది మెడ ఎత్తి, ముందరి రెక్కలతో ఇసుకను వెనక్కి తోసుకుంటూ, రెండు మూడుసార్లు ఆగి ఆయాసం తీర్చుకుని నీళ్లలోకి వెళ్లిపోయింది. అప్పటిదాకా దాని కంటికొసన నీటి చార చూసి "ఏడుస్తోందా?" అని అడుగుతున్న చిన్నపాపకు, అది ఏడుపు కాదని, ఒంట్లో ఎక్కువైన ఉప్పును కంటి దగ్గరి గ్రంథుల ద్వారా బయటికి పంపుతోందని చెప్పాను. మనం దగ్గరికి పోబట్టే అది విశ్రాంతి మానుకుని వెళ్లిపోయిందని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

ఈ తాబేళ్లకు 1978 నుంచి అమెరికా సమాఖ్య చట్టం రక్షణ ఉంది. తాకడం, బెదరగొట్టడం నేరం. కనీసం 10 అడుగుల దూరం పాటించాలని అధికారుల సూచన. మా బృందాలకు 20 అడుగులు నియమంగా పెడుతున్నాము, ఎందుకంటే 10 అడుగులని చెబితే జనం అయిదుకు చేరుకుంటారని అనుభవం నేర్పింది. "తాబేళ్లు తప్పక కనిపిస్తాయి" అన్న హామీని ప్రకటన నుంచి తీసేశాము. అవి మా సిబ్బంది కాదు.

ఈ పొరపాట్లు రెండింటికీ మూలం మా సమయ పట్టికలోనే ఉంది. ఉదయం హిలోలో బయలుదేరి అగ్నిపర్వతాల జాతీయ పార్కు, తర్వాత పునలూ, ఆ తర్వాత ద్వీపపు దక్షిణ కొసన ఉన్న పపకోలేయా పచ్చ ఇసుక తీరం, అన్నీ ఒకే రోజులో చూపిస్తామని గొప్పగా అమ్ముకున్నాము. పపకోలేయాకు రానుపోను ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్ల నడక ఉంటుంది. దానికి వేళ మిగలాలంటే పునలూలో 40 నిమిషాలకు మించి ఆగలేము; అంత తక్కువ సమయంలో దిగినవారు ఏం చేస్తారు? ఫొటో తీసుకుంటారు, గుప్పెడు ఇసుక తీసుకుంటారు, పరుగెత్తుతారు. అందుకే పపకోలేయాను ఈ ప్రయాణం నుంచి తొలగించి, పునలూలో పూర్తిగా 2 గంటలు ఉండేలా మార్చాము.

ఆ సమయంలో చూడవలసినవి ఉన్నాయి. పునలూ అన్న పేరులో "పున" అంటే ఊట, "లూ" అంటే మునగడం. పూర్వం ఇక్కడివారు సముద్రంలో మునిగి, అడుగున ఉబికే మంచినీటి ఊటల దగ్గర పాత్రలు నింపుకునేవారు. ఆ ఊటలవల్లనే నీళ్లు కొన్నిచోట్ల ఉన్నట్టుండి చల్లగా తగులుతాయి. ఈతకు మాత్రం ప్రోత్సహించము. అడుగున రాళ్లు, లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నాయి. ఇంకొకటి దయచేసి గుర్తుంచుకోండి: 1868లోను, 1975లోను దగ్గరలోనే వచ్చిన భూకంపాలవల్ల ఈ తీరాన్ని సునామీ ముంచెత్తింది. నేల గట్టిగా కంపిస్తే సైరను కోసం ఎదురుచూడకుండా, సామాను వదిలేసి ఎత్తైన చోటికి నడవాలి.

2018లో ఏర్పడిన "పొహోయికి" అనే నల్ల ఇసుక తీరానికి ఎందుకు తీసుకుపోరని కొందరు అడిగారు. వేరే రోజున, అడిగినవారికి తీసుకువెళ్తాము; అయితే "కొత్తగా పుట్టిన అందం" అని ఇకపై ప్రచారం చేయము. ఆ ఏడాది కీలవేయా అగ్నిపర్వతపు లావా 700కు పైగా ఇళ్లను మింగింది. ఆ ఇసుకే పేరుకుపోయి పడవలు దించే ర్యాంపు సముద్రానికి అందకుండా పోయింది, చేపలు పట్టేవారి బతుకుతెరువు దెబ్బతింది.

పచ్చ ఇసుక తీరం కోసమే సీటు తీసుకున్నవారు ప్రయాణానికి వారం ముందుదాకా ఎప్పుడు చెప్పినా పూర్తి సొమ్ము తిరిగి ఇస్తాము. ఇప్పటికి నలుగురు తీసుకున్నారు, వారిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

పెద్దాయన పంపిన సీసాను మొన్న మంగళవారం ఉదయం తీరంలో ఖాళీ చేసి వచ్చాను. అంతా కలిపి రెండు గుప్పిళ్లు కూడా లేదు. మాతో వచ్చినప్పుడు తెచ్చుకున్న అలాంటి సీసా మీ ఇంట్లోనూ ఉంటే మాకు పంపండి. పేరు రాయనక్కరలేదు, తీసుకున్న తీరం పేరు రాస్తే చాలు.