ఎట్రుస్కన్ చదవలేని భాష కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఎట్రుస్కన్ భాష మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయం తెలుగు పత్రికలో రావడమే నాకు సంతోషం. కానీ శీర్షిక కిందే ‘ఇంతవరకు ఎవరూ చదవలేకపోయిన లిపి’ అని పెద్ద అక్షరాల్లో వేశారు. అది నిజం కాదు. ఆ భాష మాట్లాడినవాళ్లకీ, దాన్ని ఓపికగా చదివినవాళ్లకీ అన్యాయం జరిగిందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇటలీలో ఇప్పటి టస్కనీ, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లో రోమ్ బలపడక ముందు నుంచీ ఉన్న భాష అది. లాటిన్, గ్రీకు చేరిన ఇండో యూరోపియన్ కుటుంబంలోది కాదు. లిపి మాత్రం గ్రీకుల దగ్గర తీసుకున్నదే. ఎక్కువ రాతలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయని తెలిస్తే అక్షరాలు కూడబలుక్కుని పైకి చదివేయవచ్చు. చిక్కంతా అర్థం దగ్గరే.

నేను రాజోలు తాలూకాలో దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. ఈ భాషకు అర్థం రాబట్టిన పద్ధతి తెలిసినప్పుడు అది నాకు పరాయి విద్య అనిపించలేదు. చెమ్మకు మాగి, చెదలు తిని సగం పోయిన పాత విక్రయ దస్తావేజు చేతికొస్తే మేమేం చేస్తాం? ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానా వారి కుమారుడు అని మొదలవుతుంది. నాలుగు దిక్కుల హద్దులు వస్తాయి. పుత్రపౌత్ర పారంపర్యంగా దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో అనుభవించుకోగలరు అన్న చోట ఆఖరుకు వచ్చామని తెలుస్తుంది. ఏ మాట తర్వాత ఏది రావాలో తెలుసు కాబట్టి పోయిన మాట పేరా, ఊరా, సర్వే నంబరా అన్నది చుట్టూ ఉన్న మాటలే చెబుతాయి. ఎట్రుస్కన్ల సమాధుల మీద రాతలూ అంతే. పోయినవారి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, తల్లి పేరు, చేసిన పదవులు, బతికిన సంవత్సరాలు. ఎన్నో సమాధుల మీద ఇదే వరస. వాటిని పక్కపక్కన పెట్టి చూసే ‘క్లాన్’ అంటే కొడుకు, ‘సెఖ్’ అంటే కూతురు, ‘పుయా’ అంటే భార్య, ‘అవిల్’ అంటే సంవత్సరం అని తేల్చారు. తల్లి పేరు కూడా రాసేవారన్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా కాగితాల్లో తండ్రి పేరుకో భర్త పేరుకో చోటుండేది గానీ, తల్లి పేరు రాయించిన పార్టీ నాకు గుర్తులేదు.

మీ వ్యాసంలో పెరూజా రాయి ప్రస్తావనే లేదు. 1822లో పెరూజా పట్టణం దగ్గర దొరికింది. 46 వరసల రాత. వెల్థినా, అఫునా అనే రెండు కుటుంబాల మధ్య భూమి గురించి జరిగిన ఒప్పందమని పండితులు చెబుతారు. అందులో కనిపించే ‘తులర్’ అనే మాట వాళ్ల హద్దురాళ్ల మీద కూడా ఉంది, కాబట్టి దానికి హద్దు అని అర్థం చెబుతారు. ‘నాపెర్’ అనే మాట పక్కన 12 అంకె ఉంది, కాబట్టి అది భూమి కొలత అయి ఉంటుందంటారు. గోదావరి లంకను కోసేసి సర్వే రాయి ఏట్లో కలిసిపోయాక కాగితం మీది హద్దు పట్టుకుని వచ్చేవాళ్లను చూసిన నాకు, ఆ రెండు కుటుంబాలూ మా అరుగు మీద కూర్చున్నట్టే ఉంది. రెండు వేల ఏళ్ల కిందటి ఈ భూమి ఒప్పందం ఫోటో వేసి ఉంటే పాఠకులు ఎంత దగ్గరగా చూసేవారో!

అంకెల కథ కూడా రాయాల్సింది. చుక్కలకు బదులు మాటలు రాసి ఉన్న రెండు పాచికలు దొరికాయి. థు, జల్, కి, హుథ్, మఖ్, స. వీటిలో ఏది ఎంత అన్నదానిపై చాలాకాలం వాదనలు నడిచాయి. 1964లో పిర్గి అనే చోట మూడు బంగారు రేకులు బయటపడ్డాయి. రెండింటి మీద ఎట్రుస్కన్, ఒకదాని మీద పండితులకు అప్పటికే తెలిసిన ఫినీషియన్ అనే ప్రాచీన భాష. ఒక రాజు దేవతకు సమర్పించిన సంగతే రెండు భాషల్లోనూ ఉంది. ఫినీషియన్ రేకులో మూడో ఏడు అని ఉంటే ఎట్రుస్కన్‌లో ‘కి అవిల్’ అని ఉంది. ‘కి’ అంటే మూడు అన్నది అలా గట్టిపడింది.

ఇంత తెలిసినా ఆ భాష పూర్తిగా పట్టుబడకపోవడానికి కారణం మిగిలిన రాతలే. 13,000 దాకా శాసనాలున్నా చాలా మటుకు చిన్నవి, సమాధులవి. వోల్నియస్ అనే ఆయన ఎట్రుస్కన్‌లో విషాద నాటకాలు రాశాడని రోమన్ పండితుడు వర్రో చెప్పాడు. ఆ నాటకాల్లో ఒక్కటీ లేదు. రోమన్ చక్రవర్తి క్లాడియస్ ఎట్రుస్కన్ల చరిత్రను గ్రీకులో 20 సంపుటాలు రాశాడు. అవీ పోయాయి. రేపు తెలుగులో నేను రాసిన దస్తావేజులు మాత్రమే మిగిలాయనుకోండి. కొడుకు, కూతురు, తూర్పు, పడమర, బోదె, పుంత, కొబ్బరితోట అన్న మాటలు చదివేవాడికి దొరుకుతాయి. జోలపాటలో, తగాదాలో, పెళ్లిపందిట్లో మనం ఏం మాట్లాడుకున్నామో ఒక్క ముక్క దొరకదు. నేను జీవితమంతా రాసింది ఎంత ఇరుకైన తెలుగో ఈ సమాధి రాతల గురించి చదివాకే నాకు తెలిసొచ్చింది, ఆ బాధ ఇంకా పోలేదు.

ఇక ఆ భాషలో తండ్రిని ‘అపా’ అంటారు కాబట్టి అది మన ద్రావిడ భాషలకు చుట్టమన్న వాక్యాన్ని దయచేసి వెనక్కి తీసుకోండి. వారసత్వం చెప్పుకునేవాళ్లను మేం లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, ఒక్క పేరు కలిస్తే చాలదు. దాని అసలు చుట్టాలు వేరే ఉన్నాయి. గ్రీసులోని లెమ్నోస్ ద్వీపంలో 1885లో దొరికిన రాతిపలక మీది భాష ఒకటి, ఆల్ప్స్ ప్రాంతపు రేటిక్ ఒకటి. అవీ ఎప్పుడో మాసిపోయాయి. మన భాష గొప్పదనానికి వాళ్ల సమాధుల్లోంచి సాక్ష్యం తెచ్చుకోవాల్సిన అవసరం లేదు.

మరో సవరణ. నార గుడ్డ మీద రాసిన ఎట్రుస్కన్ పుస్తకం రోమ్ మ్యూజియంలో ఉందని రాశారు. అది క్రొయేషియాలోని జాగ్రెబ్ పురావస్తు మ్యూజియంలో ఉంది. ఏ రోజు ఏ దేవుడికి ఏం చేయాలో చెప్పే ఆ పుస్తకాన్ని ఈజిప్టులో ఎవరో పేలికలుగా చించి మమ్మీకి చుట్టారు. అక్కడి పొడి నేల వల్లే సుమారు 1,200 మాటలు చదవగలిగేలా మిగిలాయి. ఆ మమ్మీని 1848లో అలెగ్జాండ్రియాలో కొన్నారు. దాని మీదిది ఎట్రుస్కన్ అని జాకబ్ క్రాల్ అనే పండితుడు గుర్తించింది 1890లలో. రోమ్‌లో ఉన్నవి పిర్గి బంగారు రేకులు. మా ఊరి గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు మీ పత్రిక చూసి నోట్సు రాసుకుంటారు. అందుకని ఈ సవరణలు అదే ఆదివారం పేజీలో వేయమని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత దస్తావేజు లేఖరి,
రాజోలు, కోనసీమ