బ్యారెల్‌కు 42 గ్యాలన్లు ఎందుకు?

సంపాదకులకు,

ముడిచమురు ధర రోజూ బ్యారెల్ లెక్కన అచ్చవుతుంది. ఆ బ్యారెల్‌కు సరిగ్గా 42 గ్యాలన్లు, అంటే సుమారు 159 లీటర్లు ఎందుకో కూడా ఒకసారి వివరంగా ఇవ్వండి. చమురు ఊళ్ల కష్టమంతా ఆ అంకెలోనే ఉంది.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1865 జనవరిలో ఒక బావిలో చమురు పడింది. మే నెలలో పిట్‌హోల్ అనే ఊరికి స్థలాలు కొలిచి అమ్మారు. సెప్టెంబరుకల్లా జనం దాదాపు 15 వేలు! చమురైతే పొంగింది గానీ తీసుకుపోయే దారి లేదు. చెక్కపీపాల్లో నింపి గుర్రపు బళ్లమీద తోలాలి. వాన పడితే ఇరుసుదాకా బురద. దారి పొడవునా పీపాల సందుల్లోంచి చమురు కారిపోయేది. అందుకే 1866లో అక్కడి ఉత్పత్తిదారులు 40 గ్యాలన్లకు మరో 2 తరుగు కింద కలిపి ఇవ్వాలని ఒప్పుకున్నారు. ఆ కొసరే నేటికీ లెక్క.

బళ్లవాళ్లు పీపాకు 3 డాలర్లదాకా గుంజేవారు. 1865 అక్టోబరులో శామ్యూల్ వాన్ సైకిల్ అనే చమురు వ్యాపారి 2 అంగుళాల ఇనుప గొట్టాన్ని 5 మైళ్లకు పైగా వేసి, ఆవిరి పంపులతో చమురును రైలు దగ్గరకు తోయించాడు. అంతకుముందటి గొట్టాలు అతుకుల దగ్గర కారి పనికిరాకుండా పోయాయి, ఇది నిలిచింది. బతుకుతెరువు పోతున్న బళ్లవాళ్లు గొట్టాలు పీకేస్తే తుపాకుల కాపలా పెట్టాల్సి వచ్చింది.

ఒకదాని పక్కన ఒకటిగా తవ్విన బావుల్లో ఒత్తిడి పడిపోయి ధార ఆగింది. మిగిలిన చెక్క ఇళ్లను మంటలు మింగాయి. 1877లో ఊరి పురపాలక హోదా కూడా రద్దయింది.

ఇట్లు,
ఒక పాఠకుడు