ముప్ఫై రెండో అంతస్తుకి ఎంత ఊపు?

ఒరేయ్ మూర్తీ,

చెల్లెమ్మ, పిల్లలు కులాసాయేనా? నానక్‌రామ్‌గూడలో ముప్ఫై రెండో అంతస్తులో ఫ్లాట్ చూశావనీ, ఎంత మ్యాగ్నిట్యూడ్ భూకంపానికి తట్టుకుంటుందని అడిగితే బిల్డరు "ఎనిమిది దాకా ఢోకా లేదు సార్" అన్నాడనీ రాశావు. ఆ మాట పట్టుకుని అడ్వాన్స్ కట్టేయకు రా. మ్యాగ్నిట్యూడ్ భూకంపానిది, భవనానిది కాదు. అది ఎంత దూరంలో వచ్చింది, నీ పునాది కింద ఏ నేల ఉంది, ఆ నేల ఏ లయలో ఊగింది, ఇవి తేలితేగాని భవనం సంగతి తేలదు.

ఇక్కడ ఒసాకాలో సముద్రాన్ని పూడ్చిన నేల మీద సకిషిమా ప్రభుత్వ భవనం ఉంది. 256 మీటర్లు, 55 అంతస్తులు. 2011 మార్చి 11 నాటి తోహోకు (ఈశాన్య జపాన్) భూకంపం దీనికి దాదాపు 770 కిలోమీటర్ల దూరంలో వచ్చింది. ఒక చోట నేల ఎంత అదిరిందో చెప్పే జపాన్ వాళ్ల షిందో కొలత ప్రకారం భవనం దగ్గర తీవ్రత 3, అంతే. కానీ భవనం సుమారు పది నిమిషాలు ఊగుతూనే ఉంది. 52వ అంతస్తు ఒక్కో వైపుకి 137 సెంటీమీటర్ల దాకా జరిగింది! సీలింగు పలకలు ఊడిపడ్డాయి, లిఫ్టుల్లో మనుషులు ఇరుక్కుపోయారు. ఆ భవనం ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి ఆరున్నర, ఏడు సెకన్లు పడుతుంది; అదే దాని లయ. కింద లోతైన మట్టి పొరలూ దాదాపు అదే లయలో కదిలాయి. ఊయలని అదను చూసి తోస్తూ ఉంటే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

షిందోకి గబగబా వచ్చే కుదుపులు బాగా అందుతాయి, నిదానంగా వచ్చే ఊపులు అంతగా అందవు. అందుకే జపాన్ వాతావరణ సంస్థ ఎత్తైన భవనాల కోసం 1 నుంచి 4 దాకా వేరే తరగతులు పెట్టింది. 1.6 నుంచి 7.8 సెకన్ల లయ ఉన్న కట్టడాలు ఎంత వేగంతో ఊగుతాయో లెక్కగడతారు. సెకనుకి 100 సెంటీమీటర్లు దాటితే 4. ఇక నిలబడటం కుదరదు, పాకాల్సిందే. 2023 ఫిబ్రవరి నుంచి ముందస్తు హెచ్చరికల్లో కూడా దీన్ని చూస్తున్నారు. నాకు చాలా నచ్చిన పని ఇది.

డిజైన్‌లో మేం స్ట్రక్చరల్ ఇంజనీర్లం చేసేదీ ఇలాంటిదే. నేల కదలిక రికార్డు తీసుకుని, అర సెకను లయ ఉన్న కట్టడమైతే ఎంత ఊగుతుంది, రెండు సెకన్లయితే ఎంత, ఏడయితే ఎంత అని లెక్కేసి గీత గీస్తాం. దాన్నే రెస్పాన్స్ స్పెక్ట్రమ్ అంటాం. 1985లో మెక్సికో సిటీలో పాత చెరువు నేల దాదాపు రెండు సెకన్ల లయతో ఊగింది. ఆ లయకి దగ్గరగా ఊగే మధ్యరకం ఎత్తు భవనాలకే దెబ్బ ఎక్కువ తగిలింది. అక్కడి 44 అంతస్తుల టోర్రే లాటినోఅమెరికానా టవర్ మాత్రం నిలబడింది. ఎత్తు ఎక్కువైతే ప్రమాదం ఎక్కువ అనుకునేవాళ్లకి ఇదే చెప్తాను.

హైదరాబాద్‌ది చాలావరకు రాతి నేల కాబట్టి ఈ బెంగ తక్కువ. 2024 డిసెంబర్‌లో ములుగు దగ్గర 5.3 వచ్చినప్పుడు మీ అందరికీ టెన్షన్ పట్టుకుంది, నిజమే. మీ దగ్గర టవర్లకి చాలాసార్లు భూకంపం లెక్క కంటే గాలి తోపు లెక్కే పెద్దదవుతుంది. అయినా బిల్డర్ని మూడు అడుగు: భవనం లయ ఎన్ని సెకన్లు, సాయిల్ రిపోర్టు ఏది, ఎత్తైన కాంక్రీట్ భవనాలకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 16700 ప్రకారం డిజైన్ చేశారా. కాగితాలిస్తే ఫొటోలు తీసి పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను.

నీ,
రాఘవ