చిన్నికి, అమ్మ రాసేది

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. ఈసారి మామిడి పూత విరగబూసింది, బాబాయి మందు కొట్టించాడు. రాజ్యం పిన్ని ఏదో అంటోంది, నువ్వు ఉద్యోగం మానేసి నాటకాలకి పాటలు కట్టే క్లాసులో చేరావని. పిన్ని మాటలు మనకి తెలిసినవే, నేను పట్టించుకోలేదు. మానేశావా?

సంక్రాంతికి నువ్వు పంపిన పాటలు, అమెరికాలో నాటకాలకి పాటలు కట్టిన ఆ జోనాథన్ లార్సన్‌వి, విన్నాను. ఏడాదికి 5,25,600 నిమిషాలని పాట కట్టాడే, నాన్నగారు కాలిక్యులేటర్ తీసి లెక్క సరిపోయిందన్నారు. అందులో అమ్మకి ఫోను చెయ్యడానికి నాలుగు నిమిషాలు దొరకవా అనుకున్నాను నేను.

అతని కథంతా కూడా చదివాను. న్యూయార్క్ సోహోలో మూన్‌డ్యాన్స్ డైనర్ అనే హోటల్లో ఏళ్ళ తరబడి వెయిటరు పని. ఇంట్లో హీటర్ లేదు, స్నానం టబ్బు వంటింట్లోనే. కింద బెల్లు పనిచెయ్యక, ఎవరైనా వస్తే పైనుంచి తాళంచెవి విసిరేవాడట. ఎంతో కష్టపడి రాసుకున్న 'సూపర్బియా' నాటకాన్ని ఎవరూ పూర్తిగా వెయ్యనేలేదు, నాటకాల పాటల్లో పేరుమోసిన సొండ్‌హైమ్ అంతటివాడు వెన్నుతట్టినా. తర్వాతి నాటకం 'రెంట్' వేస్తారని ఖాయమయ్యాక, 1995లో డైనర్ మానేశాడు. చూశావా, ఖాయమయ్యాక.

1996 జనవరిలో గుండెల్లో నొప్పి. ఒక ఆసుపత్రిలో తిన్నది పడలేదన్నారు, ఇంకోచోట ఫ్లూ అన్నారు. రెండుచోట్లా ఇంటికి పంపేశారు. డ్రెస్ రిహార్సల్ చూసుకుని ఇంటికెళ్ళి, ఆ రాత్రే వంటింట్లో పడిపోయాడు. గుండె దగ్గర పెద్ద రక్తనాళం చీలిందట. 35 ఏళ్ళు! తెల్లారితే 'రెంట్' జనం ముందు మొదటి ప్రివ్యూ. అది ఆపేసి, అయినవాళ్ళ కోసం కూర్చునే పాడదామనుకున్న నటులు, మధ్యలో ఉండబట్టలేక లేచి ఆడారు. కన్నవాళ్ళు అక్కడే కూర్చుని చూశారు. ఆ తల్లి ఎలా చూసిందో. ఆ నాటకానికి పులిట్జర్ బహుమతి ఇచ్చారు, న్యూయార్క్ పెద్ద థియేటర్లుండే బ్రాడ్‌వేలో 2008 దాకా 5,123 సార్లు ఆడింది, అన్నీ అతను పోయాకే.

పాటలు రాయొద్దనడం లేదు. తాతయ్య హార్మోనియం నీకే ఇవ్వాలని పట్టుబట్టింది నేనేగా. కానీ మొన్న వీడియోలో దగ్గుతున్నావు. డాక్టరు ఏం లేదనగానే తలూపి వచ్చెయ్యకు, నిలబడి అడుగు. అక్కడ ఉద్యోగం పోతే ఇన్సూరెన్స్ కూడా పోతుందటగా? వీసా సంగతి నాన్నగారు అడగమన్నారు, నేను అడగడం లేదు.

శేషు వస్తున్నాడు. ఉసిరికాయ పచ్చడి, కందిపొడి, నీలం శాలువా పంపుతున్నాను. శాలువా పెట్టెలో దాచకు, కప్పుకో. డబ్బు కావాలంటే నాన్నగారికి కాదు, నాకు చెప్పు.

అమ్మ